కానుగ కింద జెండా

చిన్న ఎర్రజెండా కానుగ చెట్టు మొదట్లో నిలబడి ఉండడం చూసేసరికి తిరుమలమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. చేతిలో చెంబు వంగి నీళ్ళు పాదాల మీద పడినా ఆమెకు తెలియలేదు.

పొద్దున్నుంచీ చేలో జెండాలు నాటుతున్నది జోయల్. తిరుపతిలో మట్టి మీద పరిశోధన చేసే పవిత్ర అనే అమ్మాయి వెంట వచ్చిన మనిషి. చంద్రగిరి కోటగుట్ట కనిపించే పొలాలన్నిటికీ మట్టి పటం గీస్తారట. ఫోనులో చుక్కలు ముందే పెట్టుకొచ్చారు. చుక్క పడిన చోటల్లా ఒక జెండా, జెండా ఉన్న చోటల్లా నేలను తొలిచే బర్మా దించి మట్టి తోడడం. అదీ వాళ్ళ పని.

"ఆ చెట్టు కింద కూడా తవ్వల్నా నాయనా?" గొంతు మామూలుగా ఉండేటట్టు చూసుకుని అడిగింది.

"చెట్టు, గట్టు అని సూడదవ్వా కంప్యూటరు. చుక్క యాడ పడితే ఆడే," అని నవ్వినాడు జోయల్. "మా ఇంట్లో పడింటే పొయ్యి కింద గూడా తవ్వుతా. మా ఆడది నన్ను ఆడే పూడ్చి పెడుతుంది, అది వేరే కత."

పూడ్చడం అన్న మాటకు ఆమె చూపు చెట్టు మొదటికి పోయింది.

ఆ చెట్టు కింద తిరుమలమ్మ తొలిచూలు బిడ్డ ఉంది. ఉందనే ఆమె నమ్మకం. పురుడు కడగకముందే పోయిన ఆడపిల్ల, పేరు కూడా పెట్టలేదు. మొగుడు మునిరత్నం తన తలగుడ్డలో చుట్టుకుని ఎత్తుకుపోవడమూ, అప్పటికి మీసాలైనా రాని మరిది దొరస్వామి పార భుజాన వేసుకుని వెనకే నడవడమూ తలుపు సందులోంచి చూసింది. అంతే. ఎక్కడ పెట్టినారని అడగబోతే అత్త నోరు మూయించింది. ఆ ఇంటి ఆనవాయితీ అది. తల్లికి చోటు చెప్పరాదు. తల్లి అడుగు అటు పడిందా, బిడ్డ నేలలో నిద్రపోదు. లేచి ఆ ఇంట్లో నిండిన కడుపు వెతుక్కుంటూ వస్తుంది.

చెప్పకపోతే మాత్రం తల్లికి తెలియదా? మునిరత్నం దున్నేటప్పుడు నాగలి కానుగ దాకా పోయి మళ్ళేది. ఆ మూల ఏ యేడూ ఒక్క సాలు పడలేదు. మధ్యాహ్నం ఆ నీడనే కూర్చుని సంగటి తినేవాడు. అది చూసి ఆమె లోలోపల తేల్చుకుంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆ నీడలో కాలు పెట్టలేదు. మునిరత్నమూ పోయాడు. కానుగ మాత్రం పూస్తూనే ఉంది.

ఇప్పుడు మనవరాలు రాజశ్రీకి నెలలు నిండుతున్నాయి. ఫోను మోగితే చాలు తిరుమలమ్మకు చెమటలు పడుతున్నాయి. ఇలాంటప్పుడే ఆ బిడ్డ నిద్ర చెడాలా?

తిన్నె మీద పవిత్ర ఒక మిషను విప్పింది. చెంబంత ఉంటుంది, అడుగున దీపం. వాకిట్లో ఎండు మట్టి చిటికెడు గిన్నెలో వేసి మిషను కింద పెట్టింది.

"దీనిమీద వెలుతురు పడుతుందవ్వా. మట్టి కొంత తాగేసి, కొంత వెనక్కి ఇస్తుంది. ఏది ఎంత తాగిందో చూస్తే లోపల ఏముండాదో తెలుస్తుంది. మన కంటికి ఆనని వెలుతురు గూడా దీనికి ఆనుతుంది." కంప్యూటరు మీద గీత చూసి తల ఎత్తింది. "ఇక్కడ ఎప్పుడైనా బూడిద పోసేవాళ్ళా?"

పోసేవాళ్ళు. కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్ళూ బూడిదంతా అక్కడే. ఆ సంగతి తిరుమలమ్మ ఎవరికీ చెప్పలేదు.

"ఏమీ దాగదా పాపా దీనికి?"

"మట్టి పెట్టుకున్నది ఏదీ దాగదు," అంది పవిత్ర గర్వంగా.

తిరుమలమ్మ లోపలికి పోయి గోడకు ఆనుకుని నిలబడింది. ఆ మిషను బూడిదను పట్టింది. మరి ఆ పసి ఎముకలను పట్టదా?

మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. జోయల్ వేళ్ళు నాకుతూ, "మేడం, ఈ చేను పని వారం చేద్దాం," అన్నాడు. వాళ్ళు నవ్వుకుంటూ ఉండగానే ఆమె కొడవలి చేతికి తీసుకుని, గడ్డికి పోతున్నట్టు పెరటి దారిన చేలోకి దిగింది. నీడ అంచునుంచి లోపలికి అడుగు పెట్టకుండా, ముందుకు వంగి, కొడవలి కొసతో జెండాను లాక్కుంది.

ఎక్కడ నాటాలి? ఎవరికీ ఏ నష్టమూ లేని చోటు కావాలి. చేను పైతట్టున పాత పశువుల కొట్టం తావు ఉంది. ఎద్దులు పోయాయి, కప్పు పోయింది, గుంజలు పోయాయి. ఒట్టి నేల. బాగా మాగిన పెంటమన్ను అది. పక్కచేని శాంతయ్య తోలుకుంటానని అడిగితే మునిరత్నం ఒక్క బుట్టెడు కూడా కదలనివ్వలేదు. మట్టికాడ గూడా పిసినారే అని ఊళ్ళో నవ్వారు. తిరుమలమ్మ జెండాను ఆ నేలలో గుచ్చి వచ్చేసింది.

నాటిన అన్ని జెండాల్లో ఏది ఎక్కడో జోయల్ కు గుర్తు లేదు, ఫోనూ చూడలేదు. ఎండ మండిపోతోంది, జెండా ఎదురుగా కనిపిస్తోంది. బర్మా దించాడు, తిప్పాడు, మట్టి సంచీలో పోసి, జెండా మీది నంబరే సంచీ మీద రాశాడు. వాకిట్లోంచి చూస్తున్న తిరుమలమ్మ అప్పుడు గాని లోపలికి పోలేదు.

మామిడి పిందెలు కాయలయ్యే వేళకు జీపు మళ్ళీ వచ్చింది. రాజశ్రీ కాన్పు ఇవాళో రేపో అన్నట్టుంది. ఈసారి గడ్డపార, పారలు కూడా దిగాయి.

పవిత్ర తిన్నె మీద పటం పరిచింది. చేలన్నీ పచ్చగా, పసుపుగా ఉన్నాయి. కానుగ ఉన్న చోట మాత్రం ఎర్రటి మచ్చ. ఒలికిన కుంకుమలా నాలుగు దిక్కులా పాకి, దొరస్వామి మామిడితోట సగం దాకా పోయింది.

"ఉప్పు ఎక్కువగా చూపిస్తోందవ్వా. ఆ ఒక్క చుక్కే. అడుగడుగునా తవ్వలేం గదా, చుక్కకూ చుక్కకూ నడుమ ఏముంటుందో లెక్కగడతాం. ఒక చుక్క తేడా వస్తే చుట్టుపక్కల చేలను కూడా తనతో లాగేస్తుంది. అందుకే అక్కడ నడుంలోతు గుంత తీసి చూడాలి."

"యాడ?"

"కానుగ కింద."

తన చేత్తో తానే తెచ్చుకున్నది. జెండా మార్చకుండా ఉంటే ఒక్క బర్మా పోటుతో పోయేది. ఇప్పుడు నడుంలోతు. తిరుమలమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. గడ్డపార భుజాన వేసుకుని నడుస్తున్న జోయల్ ను దాటుకుని పోయి, ఇన్నేళ్ళూ తొక్కని ఆ నీడలోకి దూరి, చెట్టు మొదట్లో చతికిలబడింది.

"అవ్వా, లెయ్. సల్లగా ఉండాదని ఈడే పండుకుంటావా ఏంది?" అన్నాడు జోయల్.

అప్పటికే మచ్చ సంగతి విని దొరస్వామి గట్టు మీదుగా వస్తున్నాడు. ముసలాడైనా గొంతు తగ్గలేదు. "నా తోట ఉప్పంట! మా నాయన కాలం నుంచి కాస్తుండాది. ఉప్పు తిని కాస్తాయా మామిడికాయలు? తవ్వండబ్బా, తవ్వి సూడండి. వదినా, కూర్చునేదానికి నీకింకో సోటు దొరకలేదా?"

"తవ్వనియ్యను," అంది తిరుమలమ్మ. "నా బిడ్డ ఉండాది ఈడ."

జోయల్ గడ్డపారను భుజం మీంచి దించేశాడు. పవిత్ర వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది. "ఆ రోజే చెప్పింటే చుక్కను పక్కకు జరిపేదాన్ని గదవ్వా. అదేం రాతిమీద గీత కాదు."

అంత తేలికా! ఒక్క మాటతో పోయేదా! తిరుమలమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. "జెండా నేనే మార్చినా పాపా. ఆ మట్టి ఈడది కాదు. కొట్టం కాడిది."

జోయల్ నెత్తి కొట్టుకున్నాడు. పవిత్ర మాత్రం బరువు దిగినట్టు నవ్వేసింది. "కొట్టమా! ఏళ్ళ తరబడి ఎద్దుల మూత్రం తాగిన నేల. ఉప్పు చూపించక ఏం చేస్తుంది? మీ తోటకేం భయం లేదు తాతా."

దొరస్వామి నవ్వలేదు.

"కొట్టంలోనా?" అన్నాడు. "కొట్టంలో దించినారా బర్మా?"

తిరుమలమ్మ అతని కళ్ళలోకి చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

"దొరసామీ. ఈడ ఎవురుండారు?"

"ఎవురూ లేరొదినా. ఈడ కింద బండ. నాగలి కర్రు ఇరిగిందని అన్న ఈ మూల ఇడిసిపెట్టినాడు."

"మరి యాడ?"

"అమ్మ సెప్పొద్దనింది."

"మీ అమ్మ లేదు. మీ అన్న లేడు. నువ్వూ నేనే మిగిలినాం. సెప్పు నాయనా."

దొరస్వామి కొట్టం తావు వైపు తిరిగాడు. "నక్కలు లోడేస్తాయని బయిపడినాడు అన్న. ఎద్దుల కాళ్ళ కిందైతే ఏదీ రాదన్నాడు. కొట్టంలోనే పెట్టినాం."

ఆ తావులోనే, తన చేత్తోనే తాను జెండా గుచ్చింది.

"ఎంత లోతు దించినావు జోయలూ?"

"జానెడే అవ్వా. ఏసయ్య మీద ఒట్టు, జానెడు దాటలే."

"మేము నడుంలోతు తీసినాం, పైన రాళ్ళు పేర్చినాం," అన్నాడు దొరస్వామి. "ఏమీ కాలేదొదినా."

పవిత్ర జీపు దాకా పోయి ఒక చిన్న సంచీ తెచ్చింది. కొట్టంలో తోడిన దానిలోంచి సరిచూసుకోవడానికి దాచిన మట్టి అది. దంచి, జల్లించి, పిండిలా చేసినది. రెండు చేతులా పట్టుకుని తిరుమలమ్మ ఒళ్ళో పెట్టింది. ఆమె కొంగులో పోసుకుని కొట్టం తావుకు ఎక్కింది. వెనక జోయల్ కానుగ కింద బర్మా దించుతున్నాడు. జానెడైనా దిగకముందే ఖంగుమని బండ మోగింది.

కొట్టం నేలలో బర్మా చేసిన బొక్క ఇంకా పూడలేదు, పిడికిలి పట్టేంత ఉంది. ఆమె అంచున ఆగిపోయింది. తల్లి అడుగు పడరాదు. పడరాదా? ఎద్దులున్నన్నాళ్ళూ తెల్లవారితే పేడ ఎత్తింది తనే. చీపురు పట్టి ఊడ్చింది తనే. తర్వాతి కాన్పులు రెండూ ఈ నేల తొక్కుతూనే మోసింది. ఆ ఇద్దరూ బతికారు.

అయినా కాలు ఆడలేదు. చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద పాకుతూ బొక్క దగ్గరకు పోయింది. కొంచెం కొంచెంగా మట్టి పోస్తూ ఉంది.

నడుముకు చెక్కుకున్న ఫోను మోగింది. రాజశ్రీ చేస్తే వచ్చే మోత. ఫోను మోగుతూనే ఉంది. కొంగులో ఇంకా గుప్పెడు మట్టి మిగిలి ఉంది. తిరుమలమ్మ దాన్నీ పోసి, అరచేత్తో అదిమి, ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో ఫోను ఎత్తింది.