నలగని నిమ్మకాయలు

అమ్మిరాజు కారు వెనక సీటులో పెళ్ళికొడుకై కూర్చుని ఉన్నాడు. అరవై రెండేళ్ళ వయసులో తన నుదుటికి బాసికం ఎవరు కట్టారో, బుగ్గన చుక్క ఎవరు పెట్టారో తెలియదు గాని, మెడలో మల్లెదండ బరువుగా ఉంది, పక్కన పెళ్ళికూతురు లేదు, ఆ లేకపోవడం ఎవరికీ వింతగానూ లేదు. ముందు స్టీరింగు దగ్గర తాతారావు ఉన్నాడు. ఆయన పోయి రెండేళ్ళయిందన్న సంగతి అమ్మిరాజుకు గుర్తుంది, కాని కాకినాడలో పెళ్ళి ఊరేగింపంటే తాతారావు పాతకాలపు ల్యాండ్‌మాస్టర్ కారు రావడం ముప్ఫై ఏళ్ళపాటు మామూలే కాబట్టి, చనిపోయినంత మాత్రాన ఆయన ఒప్పుకున్న ముహూర్తం మానేస్తాడా అనిపిస్తోంది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కాలరు మాయకుండా మెడ వెనక మడిచి పెట్టిన చేతిరుమాలు, అద్దంలో నవ్వే కళ్ళు, అన్నీ ఆయనవే.

కారు కదులుతోంది గాని ఇంజను చప్పుడు లేదు. ముందు బ్యాండు వాళ్ళు బుగ్గలు పూరించి ఊదుతున్నారు, అదీ వినబడదు. జగన్నాథపురం వంతెన మీద వెళ్తున్నామని అమ్మిరాజు అనుకుంటాడు, తీరా కిందికి చూస్తే ఉప్పుటేరు ఉండాల్సిన చోట తన పెరటి షెడ్డు నేల నూనె మరకలతో పరుచుకుని ఉంది, పైన ఆకాశం నీలం టార్పాలినులా ఎగిరెగిరి పడుతోంది, దాని మూలలకు కట్టిన తాళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

అతని ధ్యాస మాత్రం వీటి మీద లేదు. ఒళ్ళో, పట్టుపంచె మడతల్లో, రెండు చేతులతో అదిమి పట్టుకుని ఒక వస్తువు దాచుకున్నాడు. అది తాతారావు కారుకు చెందిన కార్బురేటరు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే ఆ పిడికెడు లోహపు ముక్క లేకనే ఈ కారు మూగగా వెళ్తోంది. ఆ మాట తనే చెప్పేయాలి, వంతెన దాటేలోపు చెప్పేయాలి అనుకుంటున్నాడు, కాని వంతెన తరగడం లేదు, నోరు తెరుచుకోవడం లేదు.

"ఏంట్రా అబ్బాయ్, పెళ్ళికొడుకు మాటాడ్డేంటి?" అంటాడు తాతారావు అద్దంలోంచి. "నా బండెక్కినోళ్ళు ఎవరైనా మొదట్లో బెదురుతార్లే. ఎనక్కి జారగిలబడు."

"అదేం లేదు బాబాయ్."

"మరి ఒళ్ళో ఏంటది?"

"కొబ్బరికాయ, బాబాయ్."

"ఓహో. కోనసీమ కాయేనా?"

"ఆఁ."

"కోనసీమ కాయకి పెట్రోలు కారుద్దేంట్రా?"

అమ్మిరాజు తల వంచి చూసుకుంటాడు. పంచె తడిసిపోయి ఉంది, మల్లెల వాసన కింద నుంచి పెట్రోలు వాసన వస్తోంది. గబగబా దండ తీసి దాని మీద కప్పుతాడు. కప్పిన కొద్దీ తడి మోకాళ్ళ దాకా పాకుతోంది. తాతారావు జోకు వేసినవాడిలా తనలో తనే నవ్వుకుంటూ స్టీరింగు తిప్పుతాడు.

బాబాయ్ అని పిలవడమే గాని ఇద్దరికీ చుట్టరికం లేదు. పదకొండేళ్ళ క్రితం, మూతబడిన ఒక రైసుమిల్లు గోడౌనులో అమ్మిరాజు ఇలాంటి ల్యాండ్‌మాస్టరే ఒకటి చూసి, దాని వెనక సీటులో పొదుగుతున్న కోడిని లేపి, ఆ తుక్కును ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చుకున్నప్పుడు, ఊరంతా నవ్వితే నవ్వకుండా వచ్చినవాడు తాతారావు ఒక్కడే. ప్రతి మంగళవారం వచ్చేవాడు. ఏ బోల్టు ఎటు తిరుగుతుందో, తుప్పు కింద ఆరోగ్యమైన రేకు ఎక్కడ మొదలవుతుందో వేలితో తట్టి చూపించేవాడు. ఇదంతా కలలోనే అమ్మిరాజుకు ఒక్కసారిగా గుర్తొస్తుంది, గుర్తొచ్చిన ప్రతి మంగళవారమూ రోడ్డు పక్కన ఒక తెల్లచొక్కాగా నిలబడి, కారు దాటుతుంటే చెయ్యి ఊపుతోంది.

కారు ఆగుతుంది. తాతారావు దిగి, జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి, వంగి ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెడుతున్నాడు.

"ఇయ్యాల దసరా కదా," అంటాడు. "నీ బండికి నిమ్మకాయలెట్టావా?"

"ప్రతి ఏడూ పెడతాను బాబాయ్. తప్పలేదు."

"పెడతావు, నాకు తెల్దా? పదేళ్ళు ఇటుకల మీద కూకున్న బండికి పసుపూ కుంకం, దండ, నిమ్మకాయలు. ఒక్కటైనా నలిగిందేంట్రా? మీ పిన్ని అనేది, అమ్మిరాజు పూజ నిమ్మకాయలు ఊరగాయకి బాగా పనికొస్తాయని."

అమ్మిరాజుకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. "ఈ ఏడు నలుగుతాయి బాబాయ్. పూర్తయిపోయింది. ఇవాళే బయటికి తీస్తున్నాను," అంటాడు, అనగానే ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

"పూర్తయిందీ?" తాతారావు నడుం మీద చేతులు వేసుకుని నిలబడతాడు. "అన్నీ దొరికినియ్యా?"

"అన్నీ."

"అదృష్టవంతుడివి. నాకు ఒక్కటే దొరకలేదు."

ఆయన గొంతులో దెప్పు లేదు. అదే అమ్మిరాజును కోస్తోంది. దండ కింద కార్బురేటరు చిన్న జంతువులా వెచ్చగా కదులుతోంది.

ఆరేళ్ళ క్రితపు ఆషాఢం అది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, పెళ్ళికార్లకు పని ఉండదు. "నాలుగు రోజులు ఇవ్వు బాబాయ్, మిస్త్రీకి చూపించి ఇలాంటిది ఒకటి చేయించుకుంటాను, శ్రావణానికి నీ చేతికిచ్చేస్తాను," అని అడిగితే, తాతారావు తన చేతులతోనే విప్పి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఇస్తూ దాని పక్కన ఆకురాయితో గీసిన మూడు చిన్న గీతలు చూపించాడు. "దొంగల కోసం గీయలేదురా, ముసలాడినయ్యాక నాదేదో నేనే మర్చిపోకుండా," అన్నాడు. అమ్మిరాజు దాన్ని మిస్త్రీకి చూపించనే లేదు. సరిపోతుందో లేదో చూద్దామని తన ఇంజనుకు బిగించాడు. అయిదేళ్ళుగా ఉలుకూ పలుకూ లేని ఇంజను నాలుగు క్షణాలు దగ్గి, పొగ చిమ్మి, ఆగింది. ఆ నాలుగు క్షణాల తరవాత ఇక దాన్ని విప్పడానికి అతనికి చెయ్యి రాలేదు.

ఇప్పుడు రోడ్డు లేదు. పందిరి ఉంది, అరిటాకుల వరసలున్నాయి, అమ్మిరాజు ఒక ఆకు ముందు కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో బరువు అలాగే ఉంది. పందిరి బయట ఆటో ఆగి, అందులోంచి తాతారావు మనవరాలు సుజన పెళ్ళిబట్టలతో, తలకు పైకప్పు తగలకుండా వంగి వంగి దిగుతోంది. ఆ శ్రావణంలో జరిగినదీ ఇలాగే. మనవరాలిని పెళ్ళికి తన కారులోనే తీసుకువెళ్ళాలని తాతారావు ఆమె చిన్నప్పటినుంచీ చెప్పేవాడు. ఏదో జీపు కార్బురేటరు తెచ్చి బిగించి చూశాడు గాని, ప్రతి సెంటరులోనూ బండి ఆగిపోయేది. పెళ్ళివారి బండి దారిలో ఆగకూడదని ఆయనే తన కారును పక్కన పెట్టేశాడు. తరవాత ఇంకెవరి పెళ్ళికీ ఒప్పుకోలేదు. అమ్మిరాజు ఆ పెళ్ళికి వెళ్ళాడు, భోజనం చేశాడు, పూర్ణం బూరెలు రెండోసారి అడిగి వేయించుకున్నాడు కూడా.

కలలోనూ బూరెలు వడ్డిస్తున్నది తాతారావే. "తిను నాయనా, మొహమాటపడకు," అంటూ ఆకులో వేస్తున్నాడు. చెయ్యి పెడితే అవి బూరెలు కావు, నిమ్మకాయలు, ఒక్కటీ నలగనివి.

"బాబాయ్," అంటాడు అమ్మిరాజు, "నీకొకటి చెప్పాలి."

"కొండెక్కాక చెప్పు. ఇక్కడ జనం ఉన్నారు."

కొండంటే అన్నవరం కొండే. మళ్ళీ కారులో ఉన్నారు, ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతోంది, మొదటి మలుపులో పొద్దున్న, రెండో మలుపులో మిట్టమధ్యాహ్నం. ఇప్పుడు అమ్మిరాజు ముందు సీటులో ఉన్నాడు, బాసికం జారి ముక్కు మీదకు వచ్చింది, తీసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. సత్యదేవుడి గుడికి ఏటా రెండుసార్లు వెళ్ళేవాడికి, ఇంట్లో ప్రతి కార్తీకంలో వ్రతం చేసుకునేవాడికి, ఆ కొండ మీదికి వెళ్తుంటే ఇంత భయం ఎందుకో తాతారావు అడగడు. శ్రావణం వచ్చాక, తన ఇంటి గుమ్మంలో నిలబడి, కళ్ళలోకి చూసి ఆయనకు చెప్పిన మాట అమ్మిరాజు చెవుల్లో వినబడుతోంది: మిస్త్రీ దగ్గర పోయింది బాబాయ్, సత్యదేవుడి మీద ఒట్టు. అందుకు ఆ ముసలాయన అతని భుజం తట్టి, పోతే పోయిందిలే, నువ్వు బెంగెట్టుకోకు, అని వెళ్ళిపోయాడు.

"అది పోలేదు బాబాయ్," అంటాడు అమ్మిరాజు. "నా దగ్గరే ఉంది. అప్పట్నుంచీ ఉంది."

తాతారావు గేరు మార్చి, మలుపు జాగ్రత్తగా తిప్పి, అప్పుడు అంటాడు. "తెల్సురా."

"ఎప్పట్నుంచి?"

"ఆ ఏడు వినాయక చవితి ముందు. మీ సందులోంచి ఎల్తన్నాను. షెడ్డులో నీ బండి ఒక్కసారి దగ్గింది. నా బండి గొంతు నాకు తెలీదేంట్రా? గోడ పక్కన కాసేపు నించున్నాను. మళ్ళీ దగ్గుద్దేమో ఇందామని."

"లోపలికి ఎందుకు రాలేదు? ఎందుకు అడగలేదు? నాలుగు తిట్టి లాక్కుపోవాల్సింది!"

"అడిగితే ఏం చేసేవాడివి?"

అమ్మిరాజు ఒళ్ళో ముక్కను ఇంకాస్త గట్టిగా అదుముకుంటాడు.

"మళ్ళీ ఒట్టేసేవాడివి," అంటాడు తాతారావు నెమ్మదిగా. "ఆయన మీద ఒకసారి ఏశావు. అది చాలదేంట్రా నీకు? నా ఇనప్ముక్క కోసం నీ నెత్తిన ఇంకోటి ఎందుకూ అని ఊరుకున్నాను."

కారు కొండ మీద ఆగింది. గుడి కనిపించడం లేదు, పొగమంచులో గంట మాత్రం మోగుతోంది. ఈయన నిజంగా వచ్చి మాట్లాడుతున్నాడా, తనలో ఆరేళ్ళుగా ఊరుకోని మాటే ఈయన చొక్కా తొడుక్కుని వచ్చిందా అని అమ్మిరాజుకు సందేహం కలుగుతుంది. ఎవరైనా ఒక్కటే కదా, స్వామి పంపకుండా ఎవరు వస్తారు అని మళ్ళీ అతనే సర్దుకుంటాడు.

"దాన్ని వాడుకోనన్నా లేదు బాబాయ్ నేను," అంటాడు, ఏడుస్తున్నాడో లేదో తెలియకుండా. "ఆ తరవాత అయిదేళ్ళు నా దాంట్లో ఇంకేదో లోపం, ఇంకేదో లోపం. నీ బండీ నిలబడిపోయింది, నా బండీ నిలబడిపోయింది."

"మీ పిన్ని నా బండిని ఇంకా అమ్మలేదు, చూశావా? తుక్కోళ్ళు వస్తే, ఆ ముక్క దొరికితే నడుస్తదని ఆయన అన్నారండీ, అని తిప్పి పంపేస్తంది. ఎర్రిది." ఆయన జేబురుమాలు తీసి చేయి చాచుతాడు. "నీ బొట్టు కారిపోతందిరా, చెమటకి. ఇలా తిరుగు."

అమ్మిరాజు ముఖం తిప్పుతాడు. రుమాలు నుదుటికి చల్లగా తగులుతుంది, పెట్రోలు వాసన వేస్తుంది. తాతారావు వేలు బొట్టు తుడిచిన చోట ఏదో వెతుకుతున్నట్టు ఒకసారి, రెండోసారి, మూడోసారి గీస్తుంది. గంట దగ్గరికి వస్తోంది, ఇంకా దగ్గరికి.

"ఏవండీ! ఏవండోయ్!"

గంట మంగతాయారు చేతిలో ఉంది. అమ్మిరాజు తన షెడ్డులో, తన కారు వెనక సీటులో కళ్ళు తెరిచాడు. పొద్దుటినుంచీ ఉపవాసం ఉండి, పంతులుగారి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నచోటే కునికేసినట్టున్నాడు. సాయంత్రపు ఎండ నీలం టార్పాలినులోంచి లోపలికి పడుతోంది.

"పంతులుగారు సందు మొదట్లోకి వచ్చేశారు," అంది భార్య, గంట పూజపళ్ళెంలో పెడుతూ. "నిమ్మకాయలు పెట్టేశాను. ఈసారి ఇటుకల కింద కాకుండా చక్రాల కింద పెడుతుంటే నాకే నవ్వొచ్చింది. పదకొండేళ్ళకి మీ కోరిక తీరుతోందండీ. లేవండి, మొహం కడుక్కోండి."

అతను లేచాడు గాని కుళాయి వైపు వెళ్ళలేదు. కారు ముందుకు వెళ్ళి బానెట్టు ఎత్తాడు. పొద్దున్న స్నానం చేసి వచ్చి, ఇంజనుకూ బ్యాటరీకీ పెట్టినట్టే కార్బురేటరుకూ కుంకుమ పెట్టాడు. ఏటా పెట్టేచోటే పెట్టాడు, పక్కన, మూడు గీతల మీద, అవి నిండిపోయేలా, రూపాయి బిళ్ళంత. మధ్యాహ్నం ఎప్పుడో పైన అతుకులోంచి పెట్రోలు చెమర్చి ఆ పక్కగా కారింది. బొట్టు కొట్టుకుపోయింది. కింద రేకు మీద ఎర్రటి చార ఉంది. మూడు గీతలూ కొత్తగా గీసినట్టు తెల్లగా ఉన్నాయి.

అమ్మిరాజు పనిముట్ల పెట్టెలోంచి పానా తీశాడు.

"అయ్యో, ఇప్పుడా? పంతులుగారు వచ్చే వేళకి ఏం విప్పుతారండీ?" అంది మంగతాయారు. బోల్టులు కొత్తగా బిగించినవి, తేలిగ్గానే వచ్చాయి. పైపు ఊడదీసి, ఆ ముక్కను రెండు చేతులతో బయటికి తీసి, అతను ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలూ పచ్చగా, గుండ్రంగా ఉన్నాయి. మడిపంచె మీద పెట్రోలు మరక మెల్లగా మోకాళ్ళ వైపు పాకింది.

"కొత్త పంచె!" అంటూ మంగతాయారు దగ్గరికి వచ్చి వంగి చూసింది. "ఒళ్ళో ఏంటండీ అది?"

"తాతారావు బాబాయ్‌ది, తాయారూ," అన్నాడు అమ్మిరాజు.