సుడులు చూసి తెచ్చిన కుక్కపిల్ల

అమృతలూరు చుట్టుపక్కల ముప్పై ఏళ్ళపాటు ఎవరు ఎద్దును కొన్నా వెంకటరత్నం చూడందే బేరం తెగేది కాదు. ఆ వెంకటరత్నాన్ని నేనే. ఒంటి మీద వెంట్రుకల సుడులు చూసేవాణ్ణి, పళ్ళు చూసేవాణ్ణి, నాలుగడుగులు నడిపించి చూసేవాణ్ణి. ఒక్కసారి కూడా మాట పడలేదు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులూ పోయాయి, నన్ను పిలిచేవాళ్ళూ పోయారు. నేనూ మా ఆవిడ రమణీ తెనాలిలో కొడుకు దగ్గరకు వచ్చేశాం. ఊరు వదిలినా నా కళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదని ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది.

జూన్ నెలలో మా మనవరాలు బిందు ట్యూషన్ నుంచి వస్తుంటే వీధికుక్క పిక్క పట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంజక్షన్లయ్యాయి, పుండు మానింది, భయం మానలేదు. గేటు దాటదు. స్కూలుకు కార్లో ఎక్కించి కార్లోనే దించుకోవాలి. ఎక్కడో కుక్క అరిస్తే చాలు, అన్నం ముద్ద నోట్లోనే ఉండిపోతుంది. చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఇంట్లో ఒక కుక్కపిల్లను పెంచి చూడండని ఇంజక్షన్లు వేసిన డాక్టరే చెప్పాడు.

బిందు మూడు రోజులు ఆలోచించింది. "వీధికుక్క మాత్రం వద్దు తాతయ్యా. జాతి కుక్కయితేనే. అదీ నువ్వు చూసి తెస్తేనే" అంది.

నువ్వు చూసి తెస్తేనే! ఇంక నేను ఆగుతానా? మర్నాడు పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కాను.

రేపల్లెలో జాన్ బాబు అనే ఆయన ఇంట్లో లాబ్రడార్ పిల్లలున్నాయని విన్నాను. గంపలో నాలుగున్నాయి. "తల్లి ఇదిగో బాబాయ్. తండ్రి ఎవరో నేను చూళ్ళేదండి, ఉన్నమాట చెబుతున్నా" అన్నాడాయన. ఆ మాట చెవిన వేసుకున్నానా? ఆయన మాట్లాడుతుంటే నేను ఒక పిల్లను తీసుకుని అటూ ఇటూ తిప్పి సుడులు వెతుకుతున్నాను. వీపు మీద సుడి సరిగ్గా నడిమధ్యన ఉంది. మెడ కింద చర్మం వదులుగా గంగడోలులా వేలాడుతోంది. కాళ్ళు తిన్నగా ఉన్నాయి. "తండ్రిని చూడక్కర్లేదయ్యా, నా కళ్ళు చాలు. ఇది మేలుజాతి" అని నేనే ఆయనకు భరోసా ఇచ్చి వచ్చాను. కోడెదూడను చూసినట్టు కుక్కపిల్లను చూసిన మొనగాడు ఈ డెల్టా మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంటికి తేగానే బిందు గుమ్మంలో నిలబడి దాన్ని చాలాసేపు చూసింది.

"జాతి కుక్కేనా తాతయ్యా?"

"అచ్చమైన లాబ్రడారమ్మా! మీ తాత కన్ను తప్పుతుందా?"

అప్పుడు వచ్చి రెండు వేళ్ళతో దాని వీపు తాకింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. కొత్త కదా, అంతేలే అనుకున్నాను. చంటి అని పేరు కూడా తనే పెట్టింది.

ఇక నా హడావుడి చూడాలి! చెప్పులన్నీ బీరువా పైకి, ఛార్జరు వైర్లన్నీ దానికి అందనంత ఎత్తుకి, ఫినాయిల్ సీసా అటక మీదికి. నా పాత పంచెలు మడిచి అట్టపెట్టెలో పక్క వేశాను. "మనవరాలు పుట్టినప్పుడు కూడా ఇంత హైరానా పడలేదు మీరు" అని రమణి దెప్పింది.

పది రోజులు గడిచాయో లేదో, చంటి తోక పైకి మెలితిరగడం మొదలుపెట్టింది. మూతి సన్నబడుతోంది. ఫోన్లో లాబ్రడార్ ఫొటో తీసి దాని మొహం పక్కన పెట్టి చూశాను. కూర్చుంటే లేస్తాను, లేస్తే దాని దగ్గరికి పోతాను, తోక చూస్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. "ఏంటండీ ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగా?" అంది రమణి. ఏం లేదని ఆమె మీద అరిచాను.

తెనాలిలో డాక్టరుకు చూపిస్తే నా కన్ను తప్పిందన్న సంగతి సాయంత్రానికి టీకొట్టు దాకా పాకుతుంది. అందుకని టీకాల వంకన చంటిని బుట్టలో పెట్టుకుని బాపట్ల వెళ్ళాను. మా ఊరివాడే, ఫణి, అక్కడ పశువుల డాక్టరు. దాన్ని బల్ల మీద నిలబెట్టాడు, మూతి చూశాడు, పాదాలు నొక్కాడు, తోక విప్పి వదిలాడు. అది మళ్ళీ చుట్టుకుంది.

"ఎవరు చూసి తెచ్చారు పెదనాన్నా?"

"ఎవరో చూశార్లే. సంగతి చెప్పు."

"తల్లి లాబ్రడారే అయ్యుంటదండి. తండ్రి మాత్రం రేపల్లె వీధుల్లో తిరిగేవాడే. ఇంకో నెలకి చెవులు కూడా లేచి నిలబడతాయేమో. అయితే ఏంటండీ? గట్టి పిల్ల."

"కరుస్తుందా?"

"పెంచినదాన్ని బట్టి. మూడో నెలలో రేబిస్ టీకా వేయిద్దాం. ఆటలో చెయ్యి కొరికితే కొట్టకండి, ఆట ఆపేసి లేచిపోండి. ఇప్పట్నుంచే మనుషుల్ని, బళ్ళని అలవాటు చెయ్యండి." బుట్ట మూత వేస్తూ అన్నాడు, "పాపకి మాత్రం చెప్పేయండి పెదనాన్నా. తనంతట తనే కనుక్కుంటే ఇంక మిమ్మల్ని కూడా నమ్మదు."

నిజమే. కానీ చెబితే చంటిని వద్దంటుంది. ఇక జన్మలో ఏ కుక్క దగ్గరికీ పోదు, ఆ గేటూ దాటదు. చెప్పకపోతే నేను అబద్ధాలకోరును. రైల్లో నిడుబ్రోలు దాకా చెప్పేద్దామనుకున్నాను, నిడుబ్రోలు దాటాక వద్దనుకున్నాను. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. అలా నెల గడిచింది. బిందు రెండు పూటలా చంటికి పెరుగన్నం కలిపి పెట్టేది, నేను తెల్లారగానే లేచి దాని చెవులు చూసేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున ఎడమ చెవి నిలబడింది. పళ్ళు తోముకుంటున్నవాణ్ణి ఆపేసి, దాన్ని చేత్తో కిందికి వంచాను. లేచింది. మళ్ళీ వంచాను. మళ్ళీ లేచింది.

"వదిలెయ్ తాతయ్యా, దానికి నొప్పి" అంది బిందు వెనక నుంచి.

ఇంక దాచి లాభం లేదు. నోట్లో బ్రష్షు తీసి మెట్టు మీద కూలబడ్డాను. "అమ్మా, నేను పొరబడ్డాను. ఇది జాతి కుక్క కాదు. సగం వీధికుక్కే."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు తెచ్చిన రోజే. నన్ను కరిచినదానికీ ఇలాంటి కళ్ళే, నాకు గుర్తుండదా?"

"మరి వద్దని చెప్పొచ్చు కదే! భయం వెయ్యలేదా?"

"వేసింది. అన్నం పెట్టినప్పుడల్లా వేసింది." తల దించుకుంది. "కానీ నువ్వెంత సంతోషంగా తెచ్చావు తాతయ్యా! ఎద్దులు పోయాక నిన్నెవరూ ఏదీ చూసిపెట్టమని అడగట్లేదంట కదా, నానమ్మ చెప్పింది. తప్పుగా చూశావని చెబితే నువ్వు ఏడుస్తావనుకున్నా."

ఎద్దు పొడిచి పక్కటెముక విరిగినప్పుడు కూడా నేను ఏడవలేదు. ఆ పొద్దున ఏడ్చాను. నేనేదో బిందును కాపాడుతున్నానని ఊళ్ళు పట్టుకుని తిరిగాను. ఈ పిల్లేమో నా గొప్ప పోకూడదని, గుండె దడదడలాడుతున్నా రోజుకు రెండుసార్లు ఆ కుక్క ముందు కూర్చుంది.

"మరి ఇప్పుడో?" అన్నాను.

"చంటి అంటే భయం లేదు. బయటివంటేనే." లోపలికి వెళ్ళి గొలుసు తెచ్చి చంటి మెడకు తగిలించింది. గేటు దాకా నడిచి ఆగింది. వీధి మలుపులో రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి. వాటినే చూస్తూ, "ముందు మూతి కడుక్కునిరా తాతయ్యా, పేస్టు ఉంది. తర్వాత నా పక్కన నడువు. ముందు నడవొద్దు" అంది.

నేను కడుక్కుని వచ్చేసరికి గేటు తీసి ఉంది.