నాట్యం చూసిన ముల్లంగి బేసిను

నేను ఒక బేసినును. ఇనప రేకు మీద తెల్ల పూత, అంచుకు నీలం గీత. జపాను ఉత్తరాన ఆరు నెలలు మంచు, ఆరు నెలలు బురద ఉండే ఊళ్లో మత్సు అనే ముసలమ్మ ఇంట నాలో ముల్లంగి దుంపలు కడిగించుకోవడం నా ఉద్యోగం. నాట్లు వేసి వేసి ఆవిడ నడుము వంగిపోయింది, కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. ఎవరైనా ఫోటో తీస్తామంటే బల్ల వెనక్కి పోయి నిలబడేది.

ఆవిడ మనవరాలు కినుయే టోక్యోకి పోతూ నన్ను సంచిలో కుక్కుకుంది. పోయింది కురోసాకి అనే నాట్యాచార్యుడి దగ్గరికి. యుద్ధం ఓడి పద్నాలుగేళ్లయింది. ఊరంతా పడమటి నాట్యాలు నేర్చి మునివేళ్ల మీద గెంతుతుంటే కొందరికి ఒళ్లు మండింది. పొట్టికాళ్ల వాళ్లం, ఆకాశానికి ఎగరడమేమిటి, నేలలోకే దిగుదాం అన్నారు. దానికి బుతో అని పేరు. గుండు కొట్టించుకుని, ఒళ్లంతా తెల్లపొడి పూసుకుని, కనుగుడ్లు పైకి తిప్పి, ఈ మూల నుంచి ఆ మూలకు అరగంట నడుస్తారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుందే అనుకున్నాను. ఆ పొడి కలిపేది నాలోనే మరి! ముల్లంగి మట్టే నయం.

రైతు ఒంట్లోనే అసలు నాట్యముందని కురోసాకి ఉపన్యాసాలు. పుట్టి బురద తొక్కిన పాపాన పోలేదు, అది వేరే సంగతి. నాట్లు వేసే ఆడమనిషి నడక కినుయేకి ఇచ్చాడు. మూడు నెలలైనా కుదరలేదు. శనివారం ప్రదర్శనలో కూడా ఇంతే అయితే మూట సర్దుకోమన్నాడు. ఆ పిల్ల నా మీద వంగి ఏడిస్తే పొడి ఉండలు కట్టింది. పైగా ముసలమ్మ చూడటానికి వస్తోంది. తన గూనిని నలుగురిలో నవ్వులపాలు చేశారనుకుంటే?

శనివారం నేను వేదిక అంచున ఉన్నాను, మత్సు ముందు వరసలో ఉంది. కినుయే వంగి, దొడ్డికాళ్లతో జనం వైపు అడుగులు వేసింది. ముసలమ్మ మొహం బిగుసుకుంది. లేచింది. గుమ్మం వైపు పోతుందనుకున్నాను. పొలంలోకి దిగినట్టు చెప్పులు విడిచి వేదిక ఎక్కింది.

"ముందుకెక్కడికే? నాటిన మొక్కల్ని తొక్కుకుంటూ పోతావా? వెనక్కి నడువు. కాలివేళ్లు ముందు దించు."

జనానికి వీపు చూపకూడదని ముందుకు నడిపించింది ఆచార్యులవారే. పాపం, కినుయేకేం తెలుసు? ముసలమ్మ ఏనాడూ మడిలోకి దిగనిస్తేగా. ఇద్దరూ పక్కపక్కన వంగి వెనక్కి నడిచారు. ఈసారి నాకు నిజంగా బురద కనిపించింది. జనం ఇదంతా నాటకంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. కురోసాకి ముందుకొచ్చి, అంతా తన ఆలోచనే అన్నట్టు నడుం వంచి దణ్ణం పెట్టాడు. ఆ పూట ఆయన నడుం వంగింది అప్పుడే. కినుయేని పొమ్మనే మాట మళ్లీ ఎత్తలేదు.

తెర వెనక మత్సు మనవరాలి కాళ్ల మీది పొడి తుడుస్తూ ఆ మూడు నెలల గోడంతా వింది.

"ఈ కాళ్లు నీకు రాకూడదనే నిన్ను మడిలోకి దింపలేదే," అంది చివరికి. "వీటికోసమా ఇంత ఏడ్చావు?"

ఇప్పుడు నేను ఒక ప్రదర్శనశాలలో గాజుపెట్టెలో ఉన్నాను. బుతో తొలినాళ్ల పాత్ర అట, ముట్టుకోరాదట. ముల్లంగి ప్రస్తావన ఎక్కడా లేదు. నా పక్కన ఆ సాయంత్రం తీసిన ఫోటో ఉంది. అందులో ముసలమ్మ, మనవరాలు పక్కపక్కన నిలబడ్డారు. ముందు బల్ల లేదు.