ఏ చర్యా లేదు

మా అత్తయ్యకు నేనంటే గిట్టదు. నాకూ ఆవిడంటే అంతే. అయినా ఆవిడ కడుపులో రాళ్ళకు ఆపరేషన్ చెయ్యాలనగానే, మత్తు ఇచ్చేది ఎవరని ఆరా తీసింది నేనే. అది ఉద్యోగం నేర్పిన బుద్ధి. డాక్టర్లకు లైసెన్సులిచ్చే మండలిలో, వాళ్ళ వివరాలు సరిచూసే సీటు నాది.

మత్తు డాక్టరుది వెన్నలాంటి గొంతు. పరీక్షలకు వెళ్ళిన రోజు అత్తయ్య చెయ్యి పట్టుకుని, "మీకేమీ తెలియదమ్మా, హాయిగా నిద్రపోతారు," అన్నాడు. దేవుడు దిగొచ్చినా గుర్తింపు కార్డు అడిగే అత్తయ్య ఇట్టే కరిగిపోయింది. "కొడుకంటే ఇలా ఉండాలి," అని మా ఆయన ముందే అనేసింది.

నాకు మాత్రం ఆ పట్టుకోవడం నచ్చలేదు. మాటలు అయిపోయాక కూడా అతను చెయ్యి వదల్లేదు. ఆవిడ నాడి మీద వేలు పెట్టి, లోపలేదో వినబడుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ మధ్యే వేరే ప్రాంతాల మండలులతో మా కంప్యూటర్లు కలిపారు. పేరు కొడితే చాలు, ఆ డాక్టరు ఎక్కడెక్కడ లైసెన్సు తీసుకున్నాడో, ఎక్కడ ఏ శిక్ష పడిందో వచ్చేస్తుంది. ఆపరేషన్ రోజు పొద్దున మావాళ్ళు ఆస్పత్రికి వెళ్ళాక, మనసు ఊరుకోక ఆఫీసుకి పోయి అతని పేరు కొట్టాను. ఊరి మీద ఊరు వచ్చింది. ఎక్కడా నిండా రెండేళ్ళు లేడు. ప్రతిచోటా తనంతట తానే లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. ప్రతి ఊరి పక్కనా ఒకటే మాట: ఏ చర్యా లేదు.

ఆ మాట వెనక ఏముంటుందో నాకు అర్థమైంది. మా పద్ధతి నాకు తెలుసు కదా. విచారణ మొదలుకాకముందే డాక్టరు లైసెన్సు వెనక్కి ఇచ్చేస్తే, ఫిర్యాదు అక్కడితో మూసేస్తాం. శిక్ష పడలేదు కనక పక్క మండలికి చెప్పేదీ ఏమీ ఉండదు.

అతను చివరగా పనిచేసిన చోటికి ఫోన్ చేశాను. అక్కడ నా సీటులాంటి సీటులోనే ఉన్నావిడ తీసింది.

"చర్యేమీ లేదండీ," అంది.

"అది కనబడుతోంది. ఫిర్యాదులు?"

"అవి చెప్పకూడదు." తర్వాత గొంతు తగ్గించి, "మీవాళ్ళెవరైనా ఉన్నారా అతని దగ్గర?" అని అడిగింది.

"మా అత్తయ్య."

"ఇంకా నిద్రపోకపోతే తీసుకొచ్చేయండి. ఇక్కడ కొందరు లేవలేదు. అందరివీ ఏ జబ్బూ లేని గుండెలే. అవి ఆగిపోతుంటే ఎవరినీ పిలవకుండా, చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చునేవాడట."

పరుగున ఆస్పత్రికి వెళ్ళాను. అత్తయ్య స్ట్రెచర్ థియేటరు తలుపు దాకా వచ్చేసింది. పక్కన అతను, అదే చెయ్యి పట్టుకుని.

"ఆపరేషన్ వద్దు," అన్నాను.

మా ఆయన తల పట్టుకున్నాడు. "నీకేమైనా పిచ్చా? నలుగురిలో పరువు తీస్తావా?"

డాక్టరుకి కోపం రాలేదు. నాకు దానికే మరీ భయం వేసింది. "మీరు మండలిలో పనిచేస్తారట కదమ్మా. నా మీద ఏమైనా ఉందా?" అన్నాడు.

"లేదు," అన్నాను. ఇంకేం చెప్పను? అత్తయ్య మీదికి వంగి, "లేవండి అత్తయ్యా! మీరు పోతే నేను ఎవరితో పోట్లాడాలి?" అంటూ ఏడ్చేశాను.

ఆవిడ ముందు నేనెప్పుడూ కంటతడి పెట్టి ఎరగను. నా మొహంలోకి తేరిపార చూసి, చెయ్యి లాక్కోబోయింది. అతను వదల్లేదు. ఇంకాస్సేపు ఉంచుకుని, నిట్టూర్చి, అప్పుడు వదిలాడు. "ఏం మనిషే వీడు!" అని గొణుక్కుంటూ అత్తయ్య నా భుజం పట్టుకుని దిగింది.

నేను ఫిర్యాదు రాసి ఆఫీసరుగారికి ఇచ్చాను. ఆ వారంలోనే అతను మా ఆఫీసుకి వచ్చాడు. లైసెన్సు ఇచ్చేస్తాడట, ఇంకో చోట లైసెన్సు తీసుకోవడానికి మంచి నడవడిక పత్రం కావాలట. ఆఫీసరుగారు నా ఫిర్యాదు పక్కకు జరిపి సంతకం పెట్టేశారు. "పోయేవాణ్ణి పట్టుకు వేలాడతామా? పీడ విరగడైంది," అన్నారు.

ముద్ర వేయక తప్పలేదు. ఆ పత్రం మీద ఊరి పేరుండదు, ఎక్కడైనా చెల్లుతుంది. అతనికంటే ముందే అక్కడికి ఫోన్ చేద్దామని, "ఏ ఊరు వెళ్తున్నారండీ?" అని మామూలుగా అడిగాను.

అతను ముద్ర తడి ఆరేదాకా నిలబడి, పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీలాంటి కోడలు లేని ఊరు చూసుకోవాలమ్మా," అన్నాడు మెత్తగా.