లచ్చన్న లైసెన్స్

ఆ పొద్దున దేవయ్య మీసం తీయించుకున్నాడు. ఊళ్ళో చనిపోయిన అతని భార్య చిన్నవ్వకు ఆ రోజే పిట్టకు పెడుతున్నారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి ఆరుబయట పెడితే కాకి వచ్చి ముట్టాలి. రాకపోతే పోయిన మనిషికి ఏదో కొరత మిగిలినట్టు. అప్పుడు సొంతవాళ్ళు పేరు చెప్పుకొని, ఫలానా నేను వచ్చానని పిలవాలి.

దేవయ్య పోలేకపోయాడు. గల్ఫ్‌లో అతను పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుంది, ఆయన ఫోన్ ఎత్తడు. అక్కడ ఉండనిచ్చే బతాకా కార్డు గడువు ఎప్పుడో తీరింది. మత్రా రేవులో దొరికిన పని చేసుకుంటూ, పోలీసు బండి కనబడితే సందు మారుతూ బతుకుతున్నాడు.

"లచ్చన్నా, నీ గాలం లైసెన్స్ జర ఇయ్యి," అన్నాడు. లచ్చన్న రూమ్‌లో పక్క మంచం మనిషి. శుక్రవారాలు సముద్రం ఒడ్డున గాలం వేయడం అతని సరదా.

"మార్కెట్ల చేపలు లెవ్వా బావా?"

"బెస్తోళ్ళం. పెండ్లాం పిట్టకు కొన్న చేప పెడ్తనా?"

"గా కార్డు మీద నా ఫోటో ఉన్నది. నాకు మీసమున్నది. నీ మూతేమో గుండు."

"మా సంఘం కార్డు మీద మా నాయిన ఫోటో ఒక్కటే ఉండె. ఇంటిల్లిపాది చెరువుల దిగుతుంటిమి. ఎవ్వలన్న అడిగిన్రా?"

"గది మన చెరువు బావా," అన్నాడు లచ్చన్న. అయినా దిండు కింది నుంచి కార్డు తీసి ఇచ్చాడు.

రాళ్ళ మీద కూచుని గాలం వేశాడు దేవయ్య. ఎండ ఎక్కేలోపే చేప పడింది. నాలుగు పుల్లలు పేర్చి కాల్చి, రూమ్ నుంచి తెచ్చిన అన్నం పక్కన పెట్టాడు. దూరంగా ఒక కాకి వాలింది.

వెనక తెల్ల బండి ఆగింది. లైసెన్సులు చూసే పెద్దాయన దిగాడు. పారిపోవడానికి ముందు సముద్రం, వెనక బండి. దేవయ్య కార్డు చాపాడు.

"నామ్?"

"లచ్చన్న."

పెద్దాయన ఫోటోను చూశాడు, ముఖం చూశాడు. మీసం ఏదని వేలితో అడిగాడు.

"బీవీ మర్‌గయీ," అన్నాడు దేవయ్య. అన్నాక తట్టింది. ఊళ్ళో లచ్చన్న భార్య నిక్షేపంగా ఉంది. ఆమె చావును తన నోటితో చెప్పినట్టయింది.

పెద్దాయన ముఖం మెత్తబడింది. పైకి చూసి ఏదో ప్రార్థన చెప్పుకున్నాడు. తర్వాత హిందీలో అడిగాడు: లైసెన్స్ ఉందంటే కాగితాలన్నీ సరిగ్గా ఉన్నట్టే కదా, మరి ఇంటికి ఎందుకు పోలేదు?

నిజమే. లచ్చన్న పోవచ్చు. లచ్చన్నకు అన్నీ ఉన్నాయి. దేవయ్య అన్నాన్ని చేప దగ్గరికి జరిపాడు.

అన్నమూ చేపా ఎందుకో పెద్దాయనకు అర్థమైనట్టుంది. వెళ్ళిపోలేదు. కార్డు చేతిలోనే పట్టుకుని, చావింటికి వచ్చిన మనిషిలా పక్కన నిలబడ్డాడు. ఆయన పోతే బాగుండునని దేవయ్య మనసులో వెయ్యిసార్లు అనుకున్నాడు.

కాకి రెండు గెంతులు వేసి ఆగింది. తల వంచి చూసింది. వెనక్కి జరిగింది.

"నేనే," అన్నాడు దేవయ్య. కాకి కదలలేదు. "నేనేనే. నా చేత్తోని పట్టిన. తిను."

కాకి రెక్కలు విప్పింది. ఎగిరిపోతుందనిపించింది. అది ఎగిరిపోతే మళ్ళీ పిలవడానికి ఇంకో రోజు లేదు.

"చిన్నవ్వా, నేను దేవయ్యను. వచ్చిన."

గొంతు అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది. కాకి రాయి మీదికి దూకి చేపను పొడిచింది. మళ్ళీ పొడిచింది.

పెద్దాయన చేతిలోని కార్డును ఎండకు ఎత్తి ఇంకోసారి చదివాడు.

"దేవయ్య కౌన్?" అని నెమ్మదిగా అడిగాడు.

కాకి తినడం అయిపోయేదాకా దేవయ్య అటే చూస్తూ కూచున్నాడు.