ఏడో కొక్కెం

"ఇది పనికిరాదమ్మా" అంటూ ఆయా ఆ చేతిరుమాలును పిల్లవాడి తల్లికే తిరిగి ఇచ్చేసింది. "చిరిగి పీలికలైంది. దీని కోసం నువ్వు తిరిగొస్తావంటే నీ కొడుకే నమ్మడు. ఏది లేకపోతే సాయంత్రం ఇంటికి వెళ్ళలేవో అది ఇవ్వు."

కొత్తగా పనిలో చేరిన ఆ తల్లి బిత్తరపోయింది. ఫ్యాక్టరీ మొదటి గంటకు ఇంకా ఆరు నిమిషాలే ఉంది. చంకలో రెండేళ్ళ పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వెనక వరసలోని ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుతున్నారు. వాళ్ళంతా ఒకప్పుడు ఈ పరీక్షలో తప్పినవాళ్ళే. చివరికి ఆ తల్లి ఒక కాలి చెప్పు విప్పి ఇచ్చింది. ఆయా దాన్ని పిల్లవాడి చేతికిచ్చి, వాడి చేతనే గోడ మీది పన్నెండో కొక్కేనికి తగిలింపజేసింది.

"చూశావా నాన్నా, ఒంటి చెప్పుతో అమ్మ ఇంటికెలా వెళ్తుంది? దీని కోసం రావాల్సిందే. వచ్చిందా, పనిలో పనిగా నిన్నూ తీసుకుపోతుంది."

పిల్లవాడు ఏడుపు ఆపలేదు గానీ, ఏడుస్తూనే చెప్పుకేసి చూడటం మొదలుపెట్టాడు. ఆమెకు అది చాలు.

అది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. లోపల రెండు వందల కుట్టుమిషన్లు, వెనక వైపు కుట్టేవాళ్ళ పిల్లల కోసం ఒక పొడవాటి గది. ఆ గదిలో ఆమె ఇరవై రెండేళ్ళుగా ఆయా. గోడకు పిల్లల తలకు కాస్త పైన పద్నాలుగు ఇనుప కొక్కేలు దిగగొట్టించింది. వాటికి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తల్లుల తాళంచెవులు, గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు వేలాడుతుంటాయి. ఆడవాళ్ళు ఒక కాలికి చెప్పుతో కుంటుకుంటూ మిషన్ల దగ్గరికి వస్తున్నారని సూపర్‌వైజరు మొదట్లో చిందులు తొక్కాడు. ఆ తరువాత పిల్లల ఏడుపు లోపలికి వినబడటం మానేసింది. ఆయనా నోరు మూసుకున్నాడు.

తల్లులు ఆమెను పిన్నీ అంటారు. పిల్లలకు ఆమె కొక్కేల అమ్మమ్మ. పొట్టి మనిషి. ఒక భుజం ఇంకోదానికంటే కిందికి దిగి ఉంటుంది, చంకనెత్తుకున్న పిల్లలందరూ ఆ వైపే కాబట్టి. నీలం రంగు ఏప్రన్ వెలిసి వెలిసి ఏ రంగో చెప్పలేనట్టయింది. ఎడమ చెప్పు పట్టీ తెగితే బొత్తాలు కుట్టే తెల్లదారంతో తనే కుట్టుకుంది. ఆ కుట్టు చూసి మిషన్ల మీది ఆడవాళ్ళు పిన్నికి కుట్టు తప్ప అన్నీ వచ్చునని నవ్వుకునేవాళ్ళు.

ఈ రోజు ఆమెకు ఆఖరి రోజు. రేపు పొద్దున బస్సుకు తమ్ముడి ఊరు వెళ్ళిపోతుంది. అక్కడ పెద్ద ఆసుపత్రి ఉంది. కడుపులో ఉన్నదేమిటో ఇక్కడి డాక్టరు చెప్పకుండా నేల చూపులు చూశాడు. పిల్లల మధ్య బతికిన మనిషికి నేల చూపుల అర్థం ఒకరు చెప్పాలా? ఫ్యాక్టరీలో మాత్రం ఊరికి వెళ్తున్నానని, మళ్ళీ రానని చెప్పింది.

రేపటి నుంచి గది కొత్త టీచరుది. ఇంకా పాతికేళ్ళు నిండని పిల్ల. చదువుకుని వచ్చింది. నవ్వుముఖం, ఏడుపుముఖం, కోపంముఖం గీసిన అట్టముక్కలు తెచ్చుకుంది. పిల్లలు ఏడుస్తుంటే వాటిని ముందు పెట్టి "నీది ఏ ముఖం?" అని అడుగుతుంది. పిల్లలు నవ్వుముఖాన్ని నోట్లో పెట్టుకుని నములుతారు. ఆయాకు నవ్వొచ్చినా, ఆ పిల్ల ఓపిక చూస్తే ముచ్చటేసింది.

పదకొండింటికి ఇద్దరు పిల్లలు ఒకే బండిబొమ్మ కోసం జుట్లు పట్టుకున్నారు. ఓడినవాడు నేల మీద దొర్లి ఏడుస్తుంటే టీచరు ఏడవద్దని బతిమాలుతోంది. ఆయా వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏడుపు ఎక్కడుందిరా?"

వాడు దొర్లడం ఆపి, కాసేపు ఆలోచించి, ఛాతీ మీద వేలు పెట్టాడు. ఆమె తన వెచ్చటి అరచేతిని అక్కడ ఆనించింది. "ఇక్కడేనా? అబ్బో, గట్టిగానే కొట్టుకుంటోంది. ఉండనీ. అది పోయేదాకా నేనూ ఉంటా." రెండు నిమిషాలకు వాడు లేచి వెళ్ళిపోయాడు.

"ఏడవద్దంటే ఆగదు తల్లీ" అంది ఆమె టీచరుతో. "ఎక్కడుందో అడిగితే, దాన్ని వెతుక్కోవడంలో పడతారు."

భోజనాలయ్యాక చాపలు పరుస్తుంటే టీచరు దగ్గరికొచ్చి మెల్లగా అంది. "పిన్నీ, వీళ్ళు పడుకున్నాక వెళ్ళిపోండి. చూస్తే గోల చేస్తారు. చిన్నపిల్లలే కదా, రేపటికి మర్చిపోతారు."

"మర్చిపోరు. మర్చిపోయినట్టు కనబడతారు."

చెప్పకుండా జారుకోవడం ఈ గదిలో ఆమె ఏ తల్లినీ చెయ్యనివ్వలేదు. పద్నాలుగో కొక్కేనికి ఒక పళ్ళు విరిగిన దువ్వెన ఉంది. పదకొండేళ్ళుగా అది అక్కడే ఉంది. ఆ దువ్వెన ఇచ్చిన తల్లి మధ్యాహ్నం మిషన్ మీదే తల వాల్చేసింది, మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం ఆమె కొడుకు అమ్మేదని అడిగాడు. రేపు వస్తుందని చెప్పింది ఆయా. మర్నాడూ రేపే అంది. వాడు నాలుగు రోజులు ఆ కొక్కెం కింద కూర్చున్నాడు. అయిదో రోజు చుట్టాలెవరో వచ్చి తీసుకెళ్ళారు. వెళ్తూ వాడు ఆమెకేసి చూసిన చూపు ఈనాటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. నిజం చెప్పే ధైర్యం లేక ఒక పిల్లవాడి చేత నాలుగు రోజులు కాపలా కాయించింది. ఇంకో పిల్లకు అలా జరగనివ్వకూడదు.

ఆ ఇంకో పిల్లను అందరూ పిచ్చుక అంటారు. నాలుగున్నరేళ్ళది. గొంతు సన్నం, కాళ్ళూ సన్నం. తాను నిద్రపోతున్నప్పుడు నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయిన నాటి నుంచి అది పగలు కన్ను మూయదు. కన్ను మూస్తే ఎవరో ఒకరు తగ్గిపోతారని దాని భయం. ఆయా ఏప్రన్ తాడు వేలికి చుట్టుకుంటేనే కాస్త రెప్ప వాలుస్తుంది. మిగతావాళ్ళు ఎలాగో సర్దుకుంటారు. దీనికే ఎలా చెప్పాలో ఆమెకు వారం రోజులుగా తోచలేదు.

పిల్లలు లేచాక అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "రేపట్నుంచి నేను రాను. టీచరమ్మ చూసుకుంటుంది."

కొందరు సరే అన్నారు. ఒకడు బిస్కెట్టు అడిగాడు. పిచ్చుక మాత్రం లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎల్లుండి వస్తావా?"

"రాను."

"దాని తర్వాత?"

"రాను బంగారూ. నాకు ఒంట్లో బాగోలేదు. దూరం వెళ్తున్నా. ఇక రాను."

పిచ్చుక చెయ్యి చాపింది. "తాళంచెవి ఇవ్వు. తగిలిస్తా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇవ్వకూడదమ్మా. తిరిగొచ్చేవాళ్ళే ఇవ్వాలి."

పిచ్చుక ఆమె మోకాలి మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. తరువాత గోడ వైపు తిరిగి కూర్చుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆమె పక్కనే కూర్చుంది.

"ఏడుపు ఎక్కడుంది?"

"చెప్పను."

"సరే, చెప్పొద్దు. నాక్కూడా ఉంది. నాది గొంతులో."

చాలాసేపటికి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆమె గొంతు మీద ఆనింది. అంతమంది పిల్లల ఏడుపులు తడిమిన మనిషికి, తన ఏడుపును ఒకరు తడమడం ఇదే మొదలు. కళ్ళజోడు తీసి ఏప్రన్‌తో తుడుచుకుంది.

సాయంత్రం గంట మోగింది. తల్లులు వచ్చి ఎవరి వస్తువు వాళ్ళు తీసుకుని, ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎత్తుకున్నారు. ఒకరిద్దరు ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. పన్నెండో కొక్కెం తల్లి చెప్పు తొడుక్కుంటూ, వీడు రోజంతా ఏడ్చాడా అని అడిగింది. సగం రోజే అంది ఆమె. పిచ్చుక తల్లి ఏడో కొక్కెం నుంచి తాళంచెవి తీసుకుని, కుట్టుకూలీల గుంపులో మాటల్లో పడింది. వెళ్ళే ముందు కూతురి కోసం కాసేపు వెతుక్కుంది.

రోజూ గేటు దాకా పిచ్చుక పదిసార్లు వెనక్కి తిరిగి, ఆమె ఉందో లేదో చూసుకుంటుంది. ఈ రోజు ఒక్కసారి కూడా తిరగలేదు. తల్లి చెయ్యి పట్టుకుని గెంతుకుంటూ వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడ్డ ఆమెకు మనసు చివుక్కుమంది. మర్చిపోరని టీచరుకు అంత గట్టిగా చెప్పిందే. మంచిదేలే, అనుకుంది. అనుకున్నా బాధ తగ్గలేదు.

ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి, గది మూల విప్పిపెట్టిన చెప్పుల కోసం చూసింది. ఒకటే ఉంది. బల్ల కింద వెతికింది, చాపల వెనక వెతికింది. అప్పుడు గోడ కనబడింది. ఏడో కొక్కేనికి, తెల్లదారం కుట్టుతో, తన ఎడమ చెప్పు.

ఆమె దగ్గరికి వెళ్ళి దాన్ని తీసింది. ఎంతసేపు పట్టుకుని నిలబడిందో. తొడుక్కుంటే రేపు పొద్దున పిచ్చుక వచ్చి ఖాళీ కొక్కెం చూస్తుంది. వదిలేస్తే మళ్ళీ ఆ దువ్వెన కథే. తన నోటితో నిజం చెప్పింది. పిల్ల వింది. విని కూడా ఇది తగిలించింది.

చెప్పును మళ్ళీ తగిలించింది.

"టీచరమ్మా, దీన్ని నువ్వు తియ్యకు. పిచ్చుక తీసినప్పుడే తియ్యనీ. అడిగితే మాత్రం రేపొస్తుందని చెప్పొద్దు. అమ్మమ్మ రాదు అనే చెప్పు."

"ఏడిస్తే?"

"ఎక్కడుందో అడుగు."

ఆమె ఒంటి చెప్పుతో రోడ్డెక్కింది. బట్టల దుకాణం ముందు కూర్చున్న ముసలాయన ఆమె కాళ్ళకేసి చూసి, చెప్పు తెగిందా అన్నాడు. "లేదన్నా, తాకట్టు పెట్టి వచ్చా" అని కుంటుకుంటూ సాగిపోయింది. ఇల్లు చేరేసరికి ఎడమ పాదం బొబ్బలెక్కింది.

పంతొమ్మిదో రోజున, తమ్ముడి ఊరి ఆసుపత్రిలో, మధ్యాహ్నం పిల్లలు చాపల మీద పడుకునే వేళకు ఆమె పోయింది. ఫ్యాక్టరీకి ఫోను వచ్చింది. మిషన్లు అయిదు నిమిషాలు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

టీచరు అట్టముక్కలు పక్కన పెట్టి పిచ్చుక దగ్గర కూర్చుంది. చెప్పాల్సింది చెప్పింది, చనిపోవడం అంటే ఏమిటో కూడా చెప్పింది. తరువాత, తనకు నేర్పినట్టే, ఏడుపు ఎక్కడుందని అడిగింది.

పిచ్చుక గుండె మీద చెయ్యి వేసుకోలేదు. గొంతూ చూపించలేదు. వేలెత్తి గోడకేసి చూపించింది.

అక్కడ ఏడో కొక్కేనికి, పిచ్చుక తల్లి తాళంచెవి వెనక, మడమ దగ్గర అరిగిపోయిన ఎడమ చెప్పు తెల్లదారం కుట్టుతో వేలాడుతోంది.