నేను చెప్పేదాకా వదలకు

ఆదివారం పొద్దున కాఫీ తాగాక అతను బండి వెనకభాగం ఎత్తుతాడు, ఆమె హ్యాండిల్ పట్టుకుంటుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆదివారమంటే అదే. బండి సెంటర్ స్టాండు ఎప్పుడో వంగిపోయింది, వరండా చూస్తే వీధివైపు వాలు. అందుకని అతను వెనక చక్రం లేపి ఇంజను కింద చెక్కదిమ్మ తోస్తాడు. ఆమె పక్కన నిలబడి, ఎడమ చేత్తో హ్యాండిలూ కుడి చేత్తో సీటూ పట్టుకుని బండి పడకుండా కాస్తుంది. అతను చైను తుడిచి, ఆయిలు వేసి, చక్రం గిర్రున తిప్పి చూసుకుని మురిసిపోతాడు.

అతను లారీల కాటా దగ్గర గుమస్తా. వీధిలో అందరికీ కాటాబాబు. ఏ లారీలో ఎంత సరుకుందో టైర్లు చూసి చెప్పేస్తాడు గానీ, ఇంట్లో ఎవరి మీద ఎంత బరువు పడుతోందో చూసే అలవాటు లేదు. పెళ్ళైన కొత్తలో ఆమె ఓసారి తొందరపడి చెయ్యి తీసేస్తే బండి వచ్చి అతని పాదం మీద పడింది. "నేను చెప్పేదాకా వదలకు" అన్నాడప్పుడు. ఆమె మాటంటే మాటే, ఆ తర్వాత ఎన్నడూ వదల్లేదు. చిక్కల్లా చెప్పడం అతను మర్చిపోవడమే. పనయ్యాక దిమ్మ తీసేసి, చేతులు కడుక్కుని, పేపరు ముందేసుకునేవాడు. ఆమె అక్కడే నిలబడి ఉండేది. పొయ్యి మీద పాలు మాడిన వాసన వస్తే అప్పుడు గుర్తొచ్చి, ఇంకా అక్కడే ఉన్నావా, వదిలేయ్ అని నవ్వుతూ వచ్చి సైడ్ స్టాండు వేసేవాడు.

ఒక ఆదివారం పిలవకుండానే ఆమె లోపలికి వచ్చింది. "నా చెయ్యి నొప్పెడుతోందండీ" అంది. అలాగా అని అతను మందుల షాపుకి నడిచి వెళ్ళి నొప్పి మందు ట్యూబు తెచ్చాడు. తిరిగొచ్చేసరికి ఆమె లేదు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. అక్కగారింటికి వెళ్తున్నానని పక్కింటావిడతో చెప్పి వెళ్ళిందట. చేతినొప్పికి ఊరు మారడమేమిటో అతనికి బోధపడలేదు. ట్యూబు మూతైనా తియ్యకుండా అలమారలో పెట్టాడు.

మర్నాడు పనికి బయల్దేరుతూ చూస్తే బండి వరండాలో నిటారుగా నిలబడి ఉంది. కింద దిమ్మ లేదు, సైడ్ స్టాండు వెయ్యలేదు. ఎడమ హ్యాండిల్ రబ్బరు మీద నాలుగు వేళ్ళ నొక్కులు, తాకితే వెచ్చగా ఉన్నాయి. ముందుకు తోసినా వెనక్కి లాగినా బండి కదల్లేదు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, చెయ్యి ఇక్కడే ఉంచి వెళ్ళినట్టుంది, గట్టి పట్టే అని, తువ్వాళ్ళు ఆరేసుకోవడంలో పడింది. పాలవాడు పాకెట్ల సంచీ ఆ హ్యాండిల్‌కే తగిలించి పోవడం మొదలెట్టాడు. కాటాబాబు బస్సెక్కి పనికి వెళ్ళాడు.

వారం తిరిగాక వదిన, అంటే అతని భార్య అక్కగారు, ఫోను చేసింది. చెల్లెలి ఎడమ చెయ్యి ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదట. ఎముకలన్నీ బాగానే ఉన్నాయంటున్నాడట డాక్టరు. కర్టెన్ల షాపులో కుట్టుపని దొరికింది, ఒకటో తారీఖున చేరాలి. ముడుచుకున్న చేత్తో సూది కిందికి గుడ్డ ఎలా తోస్తుంది?

"మీరేదో ఒక మాట చెప్పాలట మరిదిగారూ. ఏం మాటో మీకే తెలుసంటుంది. అదేదో చెప్పేద్దురూ."

మాట తెలుసు. కానీ చెప్తే చెయ్యి వెళ్ళిపోతుంది, ఆమె షాపులో చేరుతుంది, ఇక ఇటు ఎందుకొస్తుంది? చెప్పకపోతే ఆ చెయ్యైనా ఇంట్లో ఉంటుంది. బస్సు దిగి రాగానే ఆ రబ్బరు మీద తన చెయ్యి వేసి కాసేపు నిలబడటం అతనికి అలవాటైపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అసలు ఎందుకు వెళ్ళిందో తెలిస్తే కదా ఏం చెయ్యాలో తెలిసేది. పైగా వదిలెయ్యమంటే బండి పడుతుంది, పట్టుకునే మనిషి లేదు.

ఆ చివరి సంగతొక్కటే అతనికి స్పష్టంగా అర్థమైంది కాబట్టి దాంతోనే మొదలుపెట్టాడు. వంగిన సెంటర్ స్టాండు విప్పి తీసుకెళ్ళి సరిచేయించి తెచ్చి బిగించాడు. వాలు సరిపోయేలా దాని కాళ్ళ కింద పలక వేశాడు. ఇక ఎత్తడం. ఇన్నేళ్ళూ నడుం విరిగేలా చేతుల్తో ఎత్తాడు. ఈసారి స్టాండు రెండు కాళ్ళూ పలకకి ఆనేదాకా పాదంతో నొక్కి, ఒంటి బరువంతా ఆ పాదం మీదే వేశాడు. చేతులు ఊరికే దారి చూపించాయి. ఎత్తే పని అనేసరికి హ్యాండిల్ మీది ఆమె చెయ్యి కూడా ఎప్పట్లా సర్దుకుంది, బండి వెనక్కి జరిగి స్టాండెక్కి కూర్చుంది. ముందు చక్రానికి అటూ ఇటూ ఇటుకలు ఆన్చి, హ్యాండిల్‌ని ఒక తాడుతో కిటికీ ఊచకీ, ఇంకో తాడుతో స్తంభానికీ కట్టాడు. ఒక్క మనిషికి ఇంత సులువైన పనా అని సంతోషపడాల్సింది, సిగ్గుపడ్డాడు.

హ్యాండిల్ దగ్గర నిలబడి, ఆ వేళ్ళ నొక్కుల మీద తన చెయ్యి వేశాడు.

"ఇక చాలు. వదిలేయ్" అన్నాడు చివరికి.

బండి ఒక్కసారి కదిలి తాళ్ళ మధ్య సర్దుకుంది. రబ్బరు మీద నొక్కులు పూడుకుపోయాయి, వెచ్చదనం పోయింది. అతను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు.

ఒకటో తారీఖున ఆమె షాపులో చేరింది. ఆ వచ్చిన ఆదివారం బస్సు దిగి, సంచీ గేటు దగ్గరే పెట్టి, వరండా ఎక్కి ఇటుకలూ తాళ్ళూ చూసింది.

"ఇదంతా మీరొక్కరే చేశారా?"

"ఆఁ."

"మరి ఇన్నేళ్ళూ నేనెందుకు నిలబడ్డాను?"

"తెలీదు" అన్నాడు. నిజంగానే తెలీదు.

ఆమె తాళ్ళు విప్పి, ఇటుకలు తీసి, బండిని స్టాండు మీంచి దించింది. "ఇవాళ చైను నేను తుడుస్తాను. మీరు పట్టుకోండి, నేను చెప్పేదాకా వదలకండి" అంది. వెనక చక్రం లేపి దిమ్మ తోసింది. తుడవడం, ఆయిలు వెయ్యడం అయ్యాక దిమ్మ తీసేసి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. టీ వాసన వచ్చింది. పేపరు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. మర్చిపోయిందో, కావాలనే చెప్పడం లేదో అతనికి అంతుపట్టలేదు. భుజం లాగేస్తోంది, వేళ్ళు మొద్దుబారాయి. సైడ్ స్టాండు వేసి లోపలికి పోతే కాదనేవాళ్ళెవరూ లేరు. అయినా నిలబడ్డాడు. ఎండ వరండా దాటిపోయింది.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. "చెయ్యి నొప్పెడుతోందా?"

ఆ మాట తను ఆమెని ఒక్కనాడూ అడగలేదని అప్పుడు తట్టింది అతనికి. "నొప్పెడుతోంది" అన్నాడు.

"వదిలేయండి."

సైడ్ స్టాండు వేశాడు గానీ వేళ్ళు ఊడిరాలేదు. ఆమె ఒక్కొక్కటే విడదీసింది. అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, అలమారలోని ట్యూబు తెచ్చి మూత తీసి, తన ఎడమ చేత్తో అతని అరచేతికి మందు రాసింది. రాస్తూ, రేపు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోమంది. అతను అలాగేనని తలూపాడు. పొద్దున బస్సంటే ఈ రాత్రికి ఇక్కడే ఉంటుందని అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి వెళ్ళి, గేటు దగ్గరున్న సంచీని మందు అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకుని లోపలికి తెచ్చాడు.